పొయ్యి అటక మీద యాంప్లిఫైయర్

మా తమ్ముడు ప్రోతరాపూర్ ఇంట్లో పాత వంటిల్లు పడగొట్టిస్తూ నాకు ఫోన్ చేశాడు. "అక్కా, అటక మీద గోనెసంచిలో ఇనపడబ్బా ఒకటి దొరికినాది. బరువు సెప్పలేను. పాత ఇనప సామాను కొనే కబాడీవాడు పట్టుకుపోతానంటన్నాడు, ఇచ్చీమంటావా?" అన్నాడు. ఇవ్వొద్దు, నేను వస్తున్నాను అని చెప్పి పోర్ట్ బ్లెయిర్‌లో బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి దాన్ని వాకిట్లో ఎండలో పెట్టి, చుట్టూ కూర్చుని చూస్తున్నారు. తమ్ముడి మనవరాలు సంచి విప్పి, "దాదీ, యే క్యా హై? పాత మైక్రోవేవా?" అంది. కాదు, యాంప్లిఫైయర్ అన్నాను. "ఇత్‌నా బడా!" అని నోరు తెరిచింది. సంచి విప్పగానే ఒక వాసన గుప్పుమంది. కట్టెల పొగ, ఎండు నెత్తళ్ళు, తడిసి ఆరిన గోనె, అన్నీ కలిసిన వాసన. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ డబ్బాలోంచి మా మామ్మ వంటిల్లు బయటికొచ్చి వాకిట్లో కూర్చుంది. దీన్ని మళ్ళీ అదే అటక ఎక్కించిన మహానుభావులెవరో గాని, మా ఇంట్లో బుద్ధి రావడానికి ఒక తరం చాలదనుకున్నాను.

అటక సంగతి చెప్పకపోతే ఈ కథ తెలియదు. మా దీవిలో వాన మొదలైందంటే ఏడెనిమిది నెలలు వదలదు. గోడలకు పాచి, బైబిలు అట్టలకు బూజు, నాన్న తోలుచెప్పులకు ఆకుపచ్చటి నూగు. ఉప్పు డబ్బాలోనే నీరైపోయేది. అగ్గిపుల్ల గీస్తే తల ఊడి వచ్చేది. అందుకని పాడవకూడదనుకున్న ప్రతి వస్తువూ మా ఇంట్లో పొయ్యి పైన వెదురు అటక మీదికి ఎక్కేది. ఎండుచేపల దండలు, విత్తనాల మూట, కొబ్బరి కురిడీలు, నా స్కూలు సర్టిఫికెట్లు చుట్టిన ప్లాస్టిక్ కాగితం, అగ్గిపెట్టెలు, ఒకసారైతే అమ్మ పెళ్ళి చీర కూడా. కింద రోజంతా పొయ్యి మండుతూనే ఉండేది. పొగ ఆ వస్తువుల మధ్యనుంచి మెల్లగా పాక్కుంటూ వెళ్ళి రేకుల సందుల్లోంచి బయటపడేది. నేను పొయ్యి ముందు పీట మీద కూర్చుని చదువుకుంటూ, ఆ పొగలో అటక కదులుతున్నట్టు, ఇల్లంతా ఏదో ఓడలాగా నెమ్మదిగా ఎటో పోతున్నట్టు అనుకునేదాన్ని. రేకుల మీద వాన చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. ప్రతి మాటా అరిచి చెప్పుకునేవాళ్ళం. అన్నం పెట్టమని అరిచేవాళ్ళం, ప్రార్థన కూడా అరిచే చేసేవాళ్ళం. వాన వెలిసిన రోజున మా గొంతులు మాకే సిగ్గనిపించేవి.

మామ్మ అంటే మా నాన్న తల్లి, రాహేలమ్మ. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లెనుంచి, భర్త పోయాక, చంకలో నాన్నను పెట్టుకుని దీవికి వచ్చేవాళ్ళతో పాటు ఓడెక్కిన మనిషి. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో ఆయాగా చేరింది. అక్కడ రాంచీనుంచి కూలికి వచ్చిన ఆడవాళ్ళతో, నర్సులతో, ఊడ్చేవాళ్ళతో మాట్లాడి మాట్లాడి హిందీ నేర్చుకుంది. అక్షరం ముక్క రాదు గాని, ఆ హిందీలో డాక్టర్లనే దబాయించేది. పని మానేశాక కూడా నీలం అంచు తెల్లచీరే కట్టేది. చేతులు ఆసుపత్రి స్పిరిట్ వాసన వేసేవి. పొద్దున్నే తాటిబెల్లం కాఫీ తాగి, గ్లాసు బోర్లించి, "బస్, అయిపోనాది, ఇంక పని సూసుకోండి" అని ఇంటిల్లిపాదినీ తరిమేది.

మా తెలుగు సంఘానికి అప్పట్లో తెలుగు పాస్టరు లేడు. రాంచీ పాస్టరుగారు ఒకాయన వచ్చి హిందీలో ప్రసంగం చేసేవారు. మా పెద్దవాళ్ళకు బజారు హిందీ వచ్చు గాని, దేవుడి హిందీ రాదు. అందుకని పాస్టరుగారి పక్కన మామ్మ నిలబడి, ఆయన ఒక వాక్యం చెప్పగానే దాన్ని తెలుగులో చెప్పేది. మగవాళ్ళు చాపల మీద కూర్చుని, ఒక ఆడమనిషి నిలబడి చెబితే వినడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. మామ్మ అనువాదం కూడా చిన్న విషయం కాదు. ఆయన 'రేగిస్తాన్' అంటే, ఎడారి అని ఎందుకు చెప్పాలి, ఎవరు చూశారు గనక? "తాగునీళ్ళు దొరకని దీవి" అనేది. అందరికీ వెంటనే దాహం వేసేది. ఆదివారం ఆ గంటసేపు మామ్మ మనిషే మారిపోయేది. వీపు నిటారుగా అయ్యేది, గొంతులో నలభై ఏళ్ళు తగ్గేవి.

ఇంక యాంప్లిఫైయర్ నాన్న ప్రతాపం. నాన్న పేరు దేవదానం, హార్బరు వర్క్‌షాపులో ఎలక్ట్రీషియను. విప్పి పారేసిన ఒక ముసలి ఓడలోంచి ఈ డబ్బాను ఆయన ఇంటికి మోసుకొచ్చాడు. ఓడలో ఉన్నప్పుడు అది "భోజనం సిద్ధం", "అందరూ డెక్కు మీదికి రండి" అని చెప్పేదట. మా దగ్గరికి వచ్చాక దేవుడి మాట చెప్పడం మొదలుపెట్టింది. లోపల అయిదు గాజు వాల్వులు. స్విచ్ వేస్తే అవి ముందు నిద్రలో ఉన్నట్టు ఉండి, మెల్లగా నారింజరంగు తిరిగేవి, అప్పుడు వెచ్చగా ఒక చిన్న హూంకారం. ఒక తీగ బయట చెట్టుకు కట్టిన గరాటులాంటి హారన్‌కు వెళ్ళేది, ఇంకో తీగ లోపల ఒక చెక్కపెట్టె స్పీకరుకు. మా ప్రార్థనకే కాదు, బెంగాలీవాళ్ళ పూజకు, తమిళుల పెళ్ళికి, రాంచీవాళ్ళ ఆటపాటలకు కూడా అదే వెళ్ళేది. ఎవరు అడిగినా నాన్న సైకిలు వెనక కట్టుకుని స్వయంగా తీసుకెళ్ళేవాడు.

నాన్నకు ఒక జబ్బుండేది. బాగుచెయ్యడం తన వల్ల కాదని ఒప్పుకోలేడు. ఊళ్ళో ఇస్త్రీపెట్టెలు, టార్చిలైట్లు, రేడియోలు అన్నీ మా ఇంటికి వచ్చేవి. ఎవరిదైనా లొంగకపోతే "సామాను ఓడలో రావాలి" అనేవాడు. అలా సామాను రాని వస్తువులు ఆయన మంచం కింద ఏళ్ళ తరబడి పడుకునేవి. అమ్మ ఊడ్చేటప్పుడు వాటికి దండం పెట్టి పక్కకు జరిపేది. ఒకతను తన రేడియో అడగడానికి వచ్చి, పెళ్ళి చేసుకుని, పిల్లవాడితో మళ్ళీ వచ్చి అడిగాడు. అప్పటికీ నాన్న "సామాను రాలేదు భయ్యా" అనే అన్నాడు గాని, చేతకాలేదని మాత్రం అనలేదు.

మామ్మకు చెవులు వినపడడం లేదని ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం, ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, నా చేతిలోంచి ఇత్తడి చెంబు జారి మామ్మ వెనకాల గచ్చు మీద పడింది. పెరట్లో కోళ్ళు ఎగిరాయి. పక్కింటి దీదీ ఏమైందని కేకేసింది. మామ్మ మాత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. నేను ముందుకు వచ్చి నిలబడి ఆమె ముఖంలోకి చూశాను. ఆమె చెంబును చూసింది, నన్ను చూసింది, అర్థమైపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎవులికీ సెప్పకు అమ్మీ. మీ నానకి కూడా," అంది. "డాక్టరుకి చూపిద్దాం మామ్మా," అన్నాను, నోరు బాగా తెరిచి. "డాక్టర్లని ముప్పై ఏళ్ళు సూసినాను. ఇది అయ్యే పని కాదు. తెలిసిందంటే రేపే నన్ను కూకోబెట్టేత్తారు. యాకోబు ఎప్పుడెప్పుడా అని ఉన్నాడు. అంతా దేవుడిచ్చినాడు నాకు, ఇల్లూ కొడుకూ మీరూ, కాదన్ను. కానీ ఆ నిలబడ్డం ఒకటే నాది సుగుణా. నానుగా నేర్సుకున్నది." యాకోబు మామ మా సంఘపెద్ద. వాళ్ళ పెద్దబ్బాయి పోర్ట్ బ్లెయిర్‌లో హిందీ మీడియంలో చదివాడు, ఇక అనువాదం అతను చెయ్యొచ్చు గదా అని ఆయన అప్పటికే రెండుసార్లు అన్నాడు.

అప్పుడు నాకు చాలా సంగతులు ఒక్కొక్కటిగా వెలిగాయి. ఇంట్లో వాన చప్పుడుకు అందరమూ అరుస్తాం కాబట్టి వానాకాలమంతా మామ్మ చెవుడు బయటపడలేదు. వాన ఆగే నెలల్లో ఆమె ఎక్కువగా తలనొప్పని పడుకునేది. సంఘంలో చెక్కపెట్టె స్పీకరును బల్ల కింద, తన కాళ్ళ దగ్గర పెట్టమని పట్టుబట్టేది. మైకుకు అంత దగ్గరగా పెడితే అది కూత పెడుతుందని నాన్న ఎంత మొత్తుకున్నా వినేది కాదు. "పిల్లలకి ఇనపడాలి గదా" అనేది. పిల్లలకు కాదు, తనకే. పాస్టరుగారి మాట గాలిలో ఆమెను చేరేది కాదు, ఆ పెట్టెలోంచి పెద్దదై వస్తే చేరేది. నేను మాట ఇచ్చాను. బైబిలు మీద చెయ్యి వేయించుకోలేదు గాని, నా చెయ్యి వదలకుండా అరగంట కూర్చుంది.

ఆ ఏడు నాన్నను పని మీద రెండు నెలలు నికోబారు వైపు పంపించారు. వాన విపరీతంగా ఉంది. సంఘం షెడ్డు కారుతోందని యాంప్లిఫైయర్ మా ఇంటికి వచ్చింది. దాని మీద తేమ చేరడం చూసి మామ్మకు నిద్ర పట్టలేదు. తన ప్రాణం ఆ డబ్బాలో ఉంది మరి. ఏం చెయ్యాలి? పాడవకూడని వస్తువు ఎక్కడికి వెళ్ళాలో మా ఇంట్లో అందరికీ తెలిసిందే. గోనెసంచిలో చుట్టి, అమ్మా నేనూ చెరోపక్క పట్టుకుంటే, మామ్మ దగ్గరుండి దాన్ని పొయ్యి అటక ఎక్కించింది. ఎండు నెత్తళ్ళ దండలను కొంచెం పక్కకు జరిపి చోటు చేసింది కూడా. రెండు నెలలు ఆ డబ్బా పొగ తాగింది. ఎండుచేపల ఉప్పూ నూనే కారి, గోనెలోంచి లోపలికి దిగాయి. మామ్మ రోజూ చెయ్యి పైకెత్తి తడిమి చూసి, "ఎచ్చగా ఉన్నాది, బాగున్నాది" అని సంతోషించేది.

నాన్న వచ్చి, క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా దాన్ని దించి స్విచ్ వేశాడు. వాల్వులు వెలిగాయి. మాట రాలేదు. సన్నగా చిటపటలాడి, వంటిల్లంతా చేపలు వేగిన వాసన కొట్టింది. నాన్న అమ్మ వైపు చూశాడు, అమ్మ మామ్మ వైపు చూసింది, మామ్మ వినపడనట్టు ఊరుకుంది. ఆమె ముఖం చూస్తే నిజంగానే వినపడలేదని నాకు తెలుసు, అందుకే నవ్వు రాలేదు.

ఆ పది రోజులు నా చిన్నతనంలో అన్నిటికన్నా మెత్తటి రోజులు. వాన వెనక్కి తగ్గుతున్న కాలం. నాన్న పని నుంచి రాగానే అరుగు మీద చాప వేసి డబ్బా బోర్లించేవాడు. స్కూల్లో నాకు సైన్సంటే ఇష్టమని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని నా చేతికే ఇచ్చేవాడు. "స్విచ్ తీసేసినా లోపల కరెంటు దాక్కుని ఉంటాది అమ్మా, పాములాగ," అని చెప్పి, ముందు చెక్కపిడి స్క్రూడ్రైవరుతో దాన్ని చిటుక్కుమనిపించి ఖాళీ చేసేవాడు. లోపల ఏది ముట్టుకున్నా ఒక చెయ్యి జేబులో పెట్టుకోవాలని ఆయన నియమం. రెండు చేతులూ పెడితే కరెంటు గుండెలోంచి దారి చేసుకుంటుందట. నా పరికిణీకి జేబు ఏది? ఎడమచెయ్యి వోణీ కొంగులో దోపుకుని, కుడిచేత్తో పని చేసేదాన్ని.

"ఎక్కడ ఖరాబ్ అయినాదో ముందే అనుకోకు. సివర్నించి మొదలెట్టు," అనేవాడు. చివర అంటే స్పీకరు. టార్చిలైటు సెల్లు ఒకటి తెచ్చి స్పీకరు తీగలకు తాకించాము, అది టప్పుమంది, బతికే ఉంది. తర్వాత దానికి ముందున్న వాల్వు. నాన్న చెక్కపిడి స్క్రూడ్రైవరు ఇనపకడ్డీ మీద వేలు ఆనించి, దాని మొనను వాల్వు కింద ఒక కాలికి తాకిస్తే స్పీకరు గుర్రుమంది. అదీ బాగానే ఉంది. దానికి ముందుది, గుర్రు. ఇంకా ముందుది, మైకు తీగ వచ్చి కలిసే చోటుది, నిశ్శబ్దం. "దొరికినాడు దొంగ," అన్నాడు నాన్న. ఆ వాల్వు ఊడదీసి చూస్తే, దాని కాళ్ళు దిగే కన్నాల నిండా నల్లటి జిడ్డు. పొగమసి, చేపనూనె, ఉప్పు. కరెంటు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళకుండా ఆ జిడ్డు మీదుగా జారిపోతోంది.

"మా అమ్మ దీన్ని పులుసు పెట్టేసినాది," అని నాన్న నవ్వాడు. మామ్మ లోపలికి వెళ్ళి, ఆసుపత్రి రోజులనుంచి దాచుకున్న స్పిరిట్ సీసా తెచ్చి నా ముందు పెట్టింది. కోడి ఈకను స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్క కన్నమూ, ఒక్కొక్క తీగా తుడిచాను. నాలుగు సాయంకాలాలు పట్టింది. ఈక నల్లబడితే ఇంకో ఈక. మామ్మ ఎదురుగా కూర్చుని నా చేతులనే చూసేది, పాపను స్నానం చేయిస్తుంటే చూసినట్టు. ఎండ కొబ్బరాకుల్లోంచి జారి సీసా మీద పడేది. స్పిరిట్ ఆరిపోతూ వేళ్ళకు చల్లగా తగిలేది. ఆ సాయంకాలాలు ఎప్పటికీ అయిపోకూడదనిపించేది. ఇప్పటికీ అప్పుడప్పుడు నిద్రలోకి జారే ముందు నా చేతికి ఆ ఈక తగులుతుంది.

అయిదో రోజు స్విచ్ వేస్తే చెక్కపెట్టె మాట్లాడింది. నాన్న మైకులో "హల్లెలూయా" అన్నాడు. మామ్మ పెట్టె పక్కనే కూర్చుని ఉంది. ఆమె ముఖం విప్పారింది. "ఆమెన్" అంది, అందరికన్నా ముందు. అయితే హారన్ మాత్రం పలకలేదు. నాన్న ట్రాన్స్‌ఫార్మర్ విప్పాడు. స్పీకర్లకు వెళ్ళేవి అందులో రెండు తీగచుట్లు, రెంటికి వేరువేరుగా. ఉప్పు తిని ఒక చుట్టు చిలుము పట్టి లోపలెక్కడో తెగిపోయింది. ఇక మిగిలింది ఒకటే. దానికి హారన్ తగిలించొచ్చు, లేదా చెక్కపెట్టె తగిలించొచ్చు. "రెండూ ఒక్కదానికే తగిలిత్తే వాల్వు కాలిపోద్ది. తెగిన సుట్టు మళ్ళీ సుట్టాలంటే ఆ సన్న తీగ ఓడలో రావాలి," అని నాన్న లెక్క తేల్చేశాడు. "పండగ నాడు షెడ్డులో సగంమందే పడతారు. మిగతావోళ్ళు బయటే. హారనే పెడదాం. లోపలోళ్ళకి పెట్టెందుకు, పాస్టరు సాబ్ పక్కనే గదా."

మామ్మ ఆయన పెదాలు చదివింది. లేచి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది, పొయ్యిలో నిప్పు లేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నాన్నకి చెప్పేద్దాం మామ్మా," అన్నాను. తల అడ్డంగా ఊపింది. "నాను పెట్టిందే గదా ఈ అటక మీద. నాకే తగిలినాది," అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. చెబితే మాట తప్పినట్టు. చెప్పకపోతే క్రిస్మస్ నాడు అంతమంది ముందు ఆమె నోరు పెగలక నిలబడిపోతుంది. పదిహేడేళ్ళకు అంత బరువు ఎక్కువే. ఎవరైనా పెద్దవాళ్ళు నా ముఖం చూసి అడిగి ఉంటే బావుణ్ణని ఎంతగానో అనుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మా సంఘానికి తెలుగు పాస్టరుగారే ఉన్నారు. ఆయన తెలుగులో చెబుతుంటే, వెనక బెంచీల్లో మా మనవలకు ఒకమ్మాయి హిందీలో చెబుతుంది. అప్పుడు పెద్దవాళ్ళకు హిందీ అందలేదు, ఇప్పుడు పిల్లలకు తెలుగు అందడం లేదు. మైకు సెట్టు నిఘంటువు అంత ఉంటుంది. పాడైతే విప్పేవాడు లేడు, విప్పినా లోపల విడదీయడానికి ఏమీ లేదు, కొత్తది తెచ్చుకుంటారు. మాట చాలా శుభ్రంగా వినిపిస్తుంది, ఒప్పుకుంటాను. వేడెక్కడానికి అది మనల్ని ఆగమనదు. నాకు మాత్రం, స్విచ్ వేశాక వాల్వులు నారింజరంగు తిరిగే దాకా అందరూ మాటలు మానేసి ఎదురుచూసే ఆ అరనిమిషం కావాలనిపిస్తుంది. అప్పటి వాళ్ళంతా మంచివాళ్ళని కాదు. యాకోబు మామలు అప్పుడూ ఉన్నారు. అయితే ఒక మాట ఒక మనిషిని చేరడానికి ఎంతమంది చేతులు పడేవో ఇప్పటి పిల్లలకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఆ క్రిస్మస్ పొద్దున్న నాన్న చెట్టెక్కి హారన్ కడుతూ, లోపల తీగ తగిలించే పని నాకు అప్పగించాడు. నేను దాన్ని చెక్కపెట్టెకు తగిలించాను. ఆలోచించలేదు, చెయ్యి దానంతట అదే వెళ్ళింది. ఆరాధన మొదలైంది. షెడ్డు కిక్కిరిసిపోయింది, బయట కొబ్బరిచెట్ల కింద ఇంకో అంతమంది. పాస్టరుగారు ఒక వాక్యం చెప్పడం, మామ్మ ఠంచనుగా తెలుగులో చెప్పడం. ఆమె మోకాలు బల్ల కింద పెట్టెకు ఆనుకుని ఉంది. పది నిమిషాలు గడిచాయో లేదో, బయటనుంచి నాన్న చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. హారన్ పలకడం లేదు మరి. డబ్బా వెనక్కి వంగి, తీగ ఎక్కడుందో చూసి, తలెత్తి నన్ను చూశాడు. అంత కోపంగా ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు. ఆయన పెట్టె తీగ పీకి హారన్ తీగ తగిలించాడు. బయటనుంచి "ఆఁ, వొచ్చినాది" అని కేకలు వినిపించాయి.

పాస్టరుగారు తర్వాతి వాక్యం చెప్పి ఆగారు. మామ్మ కూడా ఆగిపోయింది. ఒక్క క్షణమే. అప్పుడు మా మామ్మ, అక్షరం రాని మా మామ్మ, మైకు వైపు ఒక అడుగు వేసి తనంతట తానే మొదలుపెట్టింది. "సత్రంలో సోటు లేదన్నారు ఆ తల్లికి. మన ఓడలో కూడా సోటు లేదు, గుర్తున్నాదా? మూడో రోజు సూరమ్మకి నొప్పులొచ్చినాయి. సోటు లేదని ఎవులైనా అన్నారా? పెట్టెలు జరిపినారు, దుప్పట్లు అడ్డం పట్టినారు. ఆ బిడ్డ పుట్టినప్పుడు మనందరికీ ఈ దీవిలో బతగ్గలమని ధైర్యం వొచ్చినాది." పాస్టరుగారికి ఇన్నేళ్ళలో కాస్త తెలుగు పట్టుబడింది. ఆయన బైబిల్లో వేలు పెట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేసి తలవంచుకుని విన్నారు. చాప మీద ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

ఆమె ఆగింది. పాస్టరుగారు మళ్ళీ ముందుకు వచ్చి, మెల్లగా "మాజీ, ఆగే బోలూఁ?" అని, ముందుకు చెప్పనా అని అడిగారు. మామ్మ కదలలేదు. ఆయన పక్కకు తిరిగి ఉన్నారు, పెదాలు ఆమెకు కనపడలేదు. ఆయన మళ్ళీ అడిగారు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మామ్మ చెయ్యి నెమ్మదిగా బల్ల కిందికి వెళ్ళింది. అరచెయ్యి చెక్కపెట్టె మీద ఆనించి, అది మోగుతోందో లేదో తడిమి చూసుకుంది. నేను నాన్న వైపు చూశాను. ఆయన ఆ చేతినే చూస్తున్నాడు. ఏదైనా డబ్బా విప్పినప్పుడు తప్పు దొరికితే ఆయన ముఖంలో వచ్చే వెలుగు ఈసారి రాలేదు. పసివాడిలా అయిపోయాడు. వంగి, హారన్ తీగ పీకేసి, పెట్టె తీగ తగిలించాడు.

"ఆగే బోలూఁ, మాజీ?" మూడోసారి పాస్టరుగారి గొంతు బల్ల కిందనుంచి పెద్దగా వచ్చింది. "బోలియే పాస్టర్ సాబ్," అంది మామ్మ, తనే ఇంతసేపూ ఆయన్ని ఆపినట్టు. బయట హారన్ ఆగిపోయిందని గోల. యాకోబు మామ తోసుకుంటూ లోపలికి వచ్చి, అందరూ వినేటట్టే అడిగాడు. "ఏటి దేవదానం, ఇప్పుడే వొచ్చినాది, ఇప్పుడే పోనాది? బాగు సేత్తావా లేదా?" నాన్న లేచి నిలబడ్డాడు. "నాకు సేత కాలేదు బావా," అన్నాడు. మా నాన్న నోట ఆ మాట నేను మొదటిసారి విన్నాను. అమ్మ అయితే చేతిలో పాటల పుస్తకం కింద పడేసుకుంది.

ఆ తర్వాత ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నాన్న నన్ను తిట్టలేదు, మామ్మను అడగలేదు. మరుసటి ఆదివారం పెట్టెను తనే ఎత్తి, ఆమె నిలబడే చోటికి ఇంకో జానెడు దగ్గరగా పెట్టాడు. అది కూత పెట్టకుండా వెనక గోనెగుడ్డ దోపాడు. సన్న తీగ ఓడలో వచ్చింది, దాన్ని కాగితం కూడా విప్పకుండా మంచం కింద పెట్టాడు. మామ్మ ఇంకో నాలుగేళ్ళు నిలబడి అనువాదం చేసింది. ఆ నాలుగేళ్ళూ ప్రతి పండగకూ బయట నిలబడినవాళ్ళు విసుక్కున్నారు. పోర్ట్ బ్లెయిర్‌నుంచి మంచి మెకానిక్కుని పిలుద్దామని యాకోబు మామ వెక్కిరించాడు. దేవదానం పనితనం తగ్గిపోయిందని ఊళ్ళో అనుకున్నారు, ఇస్త్రీపెట్టెలు కూడా రావడం మానేశాయి. నాన్న తలవంచుకుని అన్నీ విన్నాడు.

మామ్మను మట్టి చేశాక వచ్చిన శనివారం ఆయన మంచం కిందనుంచి ఆ తీగ తీశాడు. ఒక మధ్యాహ్నంలో చుట్టేశాడు, నేను పట్టుకోవాల్సిన పని కూడా పడలేదు. మర్నాడు ఆదివారం యాకోబు మామ పెద్దబ్బాయి గొంతు హారన్‌లోంచి వచ్చి ఊరు దాటి పొలాల దాకా వినిపించింది. ఆరాధన అయ్యాక యాకోబు మామ చెట్టు కింద నిలబడి హారన్ వైపు, నాన్న వైపు మార్చి మార్చి చూశాడు. "ఇంత సులువైన పనికి నాలుగేళ్ళు ఎందుకు పట్టినాది దేవదానం?" అన్నాడు.

"తీరిక దొరకలేదు బావా," అన్నాడు నాన్న.